ఆర్మీలో చేరినవాళ్ళు రైఫిల్ స్లింగ్ ఎలా ఎంచుకోవాలి? (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈరోజు ఎపిసోడ్ ఒక పట్టీ గురించి. అవును, పట్టీనే. రైఫిల్‌కి కట్టే పట్టీ. దాన్ని స్లింగ్ అంటారు. డిక్షనరీలో ఆ మాట వెతికితే ఒడిసెల అని వస్తుంది, అంటే జొన్నచేలో మంచె ఎక్కి రాయి పెట్టి తిప్పి పిట్టల్ని తోలేది. చెయ్యి విరిగితే డాక్టర్ మెడకి వేసే కట్టుని కూడా స్లింగే అంటారు. మనం మాట్లాడుకునేది ఆ రెండూ కాదు.

అసలు ఈ టాపిక్ ఎందుకు వచ్చిందంటే, టెక్సస్‌లో ఉండే ఒక సబ్‌స్క్రైబర్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా తమ్ముడికి గ్రీన్ కార్డ్ ఉంది, అమెరికన్ ఆర్మీలో చేరాడు. ట్రైనింగ్ అయిపోయింది, ఇన్‌ఫాంట్రీ యూనిట్‌కి వెళ్తున్నాడు. సీనియర్లు మంచి స్లింగ్ కొనుక్కో అంటున్నారట. వాడు ఆన్‌లైన్లో ఒక సింగిల్ పాయింట్ స్లింగ్ చూసి కార్ట్‌లో పెట్టాడు. అమ్మేమో, వాళ్ళిచ్చిన బెల్టు చాలదా, మళ్ళీ డబ్బులెందుకు అంటోంది. నువ్వేమంటావ్?"

నేను దీని మీద రెండు వారాలు కూర్చున్నాను. ఒక పట్టీ మీద రెండు వారాలేంటి అనుకోకండి, చివరిదాకా వినండి. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఏ బ్రాండ్ కొనాలి అనేది చివర్లో అడగాల్సిన ప్రశ్న. మొదట అడగాల్సింది, రైఫిల్ వదిలేసినప్పుడు నీ రెండు చేతులూ ఏం పని చేస్తుంటాయి అని.

మనలో సగం మందికి గన్ అంటే బీజీఎంఐలో చూసిందే కదా. అందులో వీపు మీద రెండు పెద్ద గన్స్ పెట్టుకుని పరిగెత్తుతారు, గోడలు దూకుతారు, ఈత కొడతారు. వాటిని ఏ పట్టీ పట్టుకుని ఉంది అని మీరెప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు. నిజంలో ఏంటంటే, అమెరికన్ ఆర్మీ ఎం4 రైఫిల్ ఖాళీగా మూడు కిలోల దగ్గర ఉంటుంది. 30 బుల్లెట్ల మ్యాగజైన్ పెడితే మూడున్నర. పైన సైట్, లైట్, లేజర్ బిగిస్తే నాలుగు దాటుతుంది. ఆ నాలుగు కిలోల ఇనుము, లోపల బుల్లెట్‌తో, రోజుకి పది పన్నెండు గంటలు మీ ఒంటి మీదే ఉంటుంది. నిచ్చెన ఎక్కాలన్నా, దెబ్బ తగిలినవాడిని ఈడ్చుకురావాలన్నా, తలుపు తీయాలన్నా చేతులు ఖాళీ కావాలి. ఆ క్షణంలో రైఫిల్ ఎక్కడుంటుంది, మూతి ఎటు చూస్తుంటుంది? దానికి జవాబు స్లింగ్ దగ్గరే ఉంది.

(టేబుల్ మీద ఉన్న పైపు చూపిస్తూ) నా దగ్గర రైఫిల్ లేదు, ఉండకూడదు కూడా. అందుకే ఈ పీవీసీ పైపు. ఎం4 స్టాక్ బయటికి లాగితే సుమారు 84 సెంటీమీటర్లు, అంతే కొలతకి కోయించాను. లోపల ఇసుక నింపి, రెండు వైపులా మూత పెట్టి, కాటా మీద మూడున్నర కిలోలు వచ్చేదాకా సరిచేశాను. పట్టీలు, బకిల్స్ విడిగా తెప్పించి మూడు రకాల స్లింగ్స్ కుట్టించాను. దీన్ని తగిలించుకుని మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగుతుంటే వాచ్‌మన్ గారు రెండు రోజులు చూసి మూడో రోజు అడిగారు, "బాబూ, ప్లంబింగ్ పనా?" అని.

సరే, కొంచెం వెనక్కి వెళ్దాం. పాతకాలం స్లింగ్‌కి రెండు పనులు. ఒకటి, నడిచేటప్పుడు భుజానికి వేలాడేయడం. రెండోది మనవాళ్ళకి పెద్దగా తెలియదు, గురి కుదరడానికి సాయం. అమెరికన్ ఆర్మీ 1907లో తెచ్చిన తోలు స్లింగ్ ఉంది, పేరు కూడా ఎం1907. ఇంచుంపావు వెడల్పు, ఇత్తడి కొక్కేలు, వరసగా బెజ్జాలు. దాన్ని ఉచ్చులా చేసి ఎడమ దండకి బిగించి, పడుకుని గురిపెడితే చెయ్యి, పట్టీ, రైఫిల్ మూడూ కలిసి ఒక త్రికోణంలా బిగుసుకుంటాయి. కండ బలంతో కాదు, ఎముక, పట్టీ కలిసి మోస్తాయి. అమెరికన్ మెరైన్లు 200, 300, 500 గజాల దూరంలో షూటింగ్ పరీక్ష పెట్టి ఈ పద్ధతిని చాలాకాలం నేర్పారు.

దీంట్లో ఒక చిక్కు ఉంది, ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి నచ్చుతుంది. ఎం16, ఎం4 లాంటి వాటిలో ముందరి స్లింగ్ రింగు, బారెల్‌కి బిగించిన ముందు సైట్ దిమ్మకి ఉంటుంది. పట్టీని గట్టిగా లాగితే బారెలే కొద్దిగా వంగుతుంది. కంటికి కనపడదు, కానీ దూరంలో బుల్లెట్ తగిలే చోటు మారిపోతుంది. బారెల్‌ని తాకకుండా చుట్టూ ఉండే హ్యాండ్‌గార్డ్‌కి స్లింగ్ తగిలిస్తే ఈ గొడవ బాగా తగ్గుతుంది. కాబట్టి స్లింగ్ ఎంచుకోవడం అంటే పట్టీ ఒక్కటే కాదు, అది రైఫిల్‌కి ఎక్కడ తగులుకుంటుంది అనేది కూడా.

వియత్నాం యుద్ధంలో ఇంకో కథ. అడవిలో గస్తీకి వెళ్ళిన చాలామంది అమెరికన్ సైనికులు స్లింగ్‌ని తీసి పక్కన పెట్టేశారు. రింగులు టకటకమని చప్పుడు చేస్తాయి, తీగల్లో చిక్కుకుంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా భుజాన వేలాడే రైఫిల్ చేతిలోకి వచ్చేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. ఆ రోజుల స్లింగ్ మోసుకెళ్ళడానికి చేసింది, పోరాటానికి కాదు. తర్వాత వచ్చిన డిజైన్లన్నీ ఈ ఒక్క లోపాన్ని సరిచేయడానికే తిప్పలు పడ్డాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈరోజు దొరికే స్లింగ్స్ ప్రధానంగా మూడు రకాలు.

తమ్ముడు కార్ట్‌లో పెట్టింది సింగిల్ పాయింట్. అంటే రైఫిల్ వెనక భాగంలో ఒక్కచోటే తగిలిస్తారు, మెడ మీదుగా భుజం కిందకి ఒక లూప్. చూడ్డానికి సూపర్ ఉంటుంది. కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చడం రెప్పపాటు పని. కారులో, హెలికాప్టర్లో, ఇరుకు గదుల్లో బాగుంటుంది. సినిమాల్లో, గేముల్లో స్పెషల్ ఫోర్సెస్ వాళ్ళ ఒంటి మీద కనపడేది కూడా ఎక్కువగా ఇదే, అందుకే కుర్రాళ్ళకి ఇది నచ్చుతుంది.

కానీ చేతులు వదలండి. (పైపు వదిలి నడుస్తూ) చూశారా? నిట్టనిలువునా వేలాడి మోకాళ్ళ మధ్య గంటలా ఊగుతోంది. నడిస్తేనే ఇలా ఉంది. మెట్లు దిగితే మోకాలి చిప్పకి తగులుతుంది. పరిగెత్తితే ఎక్కడెక్కడ తగులుతుందో ఫ్యామిలీస్ చూసే ఛానల్ కాబట్టి చెప్పను. మోకాలి మీద కూర్చుంటే మూతి నేలలో గుచ్చుకుంటుంది, బారెల్‌లోకి మట్టి వెళ్తుంది. మట్టితో మూసుకుపోయిన బారెల్‌తో కాలిస్తే బారెల్ పగిలే ప్రమాదం ఉంది. కిందపడ్డ తోటివాడి మీదకి వంగి బ్యాండేజ్ కడుతుంటే ఈ నాలుగు కిలోలు వెళ్ళి అతని ముఖం మీద పడుతుంది, మూతి ఎవరి వైపు తిరుగుతుందో చెప్పలేం. అలా ఊగుతున్నప్పుడు పౌచ్ అంచు తగిలి సేఫ్టీ మీట జరిగే అవకాశం కూడా ఉంది. బరువంతా మెడ మీద ఒకే చోట పడుతుంది, అది గంటన్నర తర్వాత తెలుస్తుంది. నాకు నలభై నిమిషాలకే తెలిసింది, నేను జిమ్ బ్యాచ్ కాదు.

త్రీ పాయింట్ గురించి త్వరగా చెప్పి వదిలేస్తాను. రైఫిల్ పొడుగునా ఒక పట్టీ, దాని మీద జారే ఇంకో లూప్ మీ ఒంటి చుట్టూ. 2000 తర్వాత కొన్నేళ్ళు బాగా నడిచింది. వదిలేస్తే ఛాతీకి అంటుకుని ఉంటుంది, అది ప్లస్సు. కానీ ఆ పొడుగు పట్టీ ఎం4 ఎడమ పక్కన ఉండే బోల్ట్ క్యాచ్ బటన్ మీదకి వచ్చి అడ్డుపడుతుంది. భుజం మార్చడం కష్టం. వేసుకోవడం వస్తే గానీ అర్థం కాదు, చీకట్లో తీయడం ఇంకా కష్టం. బ్రిటిష్ ఆర్మీ ఎస్ఏ80 రైఫిల్‌కి ఈ తరహా స్లింగ్‌నే వాడింది, అది పొట్టి రైఫిల్ కాబట్టి వాళ్ళకి కుదిరింది.

ఇక టూ పాయింట్. ముందొకచోట, వెనకొకచోట. పాతకాలం స్లింగ్ కూడా టూ పాయింటే. కొత్తదనం ఏంటంటే మధ్యలో ఒక స్లైడర్, దానికి చిన్న లాగుడు తోక. ఒక్క లాగుతో పట్టీ బిగుస్తుంది, ఇంకో లాగుతో వదులవుతుంది. (పైపు తగిలించుకుని) చూడండి. పట్టీని తల మీదుగా వేసి, ఒక చెయ్యి బయటికి తీశాను. ఇది కుడిచేతి వాటం వాళ్ళకి. వదులు చేశాను, భుజానికి ఆనించి గురి పెట్టొచ్చు. బిగించాను, ఇదిగో ఛాతీకి అడ్డంగా అతుక్కుపోయింది, రెండు చేతులూ ఖాళీ. ఇప్పుడు మెట్లు ఎక్కినా మూతి ఎడమ వైపు కిందకే చూస్తుంది, అటూ ఇటూ ఊగదు.

మనూళ్ళో కూలికెళ్ళే అమ్మలు చంటిబిడ్డని చీరతో వీపుకి జోలె కట్టుకుని నాట్లు వేసేవాళ్ళు కదా. కదిలేకొద్దీ జారితే ఆ కట్టు పనికిరాదు, మరీ బిగిస్తే బిడ్డ ఏడుస్తుంది. వంగినా లేచినా బిడ్డ ఒకేచోట ఉండాలి, పాలకి ఏడిస్తే మాత్రం ఒక్క క్షణంలో ముందుకి రావాలి. టూ పాయింట్ క్విక్ అడ్జస్ట్ స్లింగ్ చేసే పని అచ్చంగా అదే. బ్లూ ఫోర్స్ గేర్ వాళ్ళ వికర్స్ స్లింగ్, మ్యాగ్‌పుల్ ఎంఎస్1 ఈ రకానికి పేరున్నవి. మ్యాగ్‌పుల్ ఎంఎస్4 అయితే అవసరాన్ని బట్టి టూ పాయింట్ నుంచి సింగిల్ పాయింట్‌కి మార్చుకోవచ్చు. ధరలు సుమారు 40 నుంచి 70 డాలర్ల మధ్య. ఈ వీడియోకి ఎవరూ డబ్బులివ్వలేదు, ఇవ్వరు కూడా.

కాబట్టి తమ్ముడికి నా మాట: కార్ట్‌లోంచి ఆ సింగిల్ పాయింట్ తీసెయ్. ఇన్‌ఫాంట్రీలో రోజంతా నడిచేవాడికి టూ పాయింటే. రోజులో ఎక్కువసేపు బండి లోపలే ఉండే డ్రైవర్ అయితే నేను ఇంత గట్టిగా చెప్పను, వాళ్ళకి సింగిల్ పాయింట్‌లో అర్థం ఉంది.

అయితే కొనేముందు అమ్మ మాట కూడా వినాలి, ఎందుకంటే ఆవిడ సగం కరెక్ట్. రైఫిల్ నీది కాదు, ప్రభుత్వానిది. పట్టీ మార్చుకోవడం చాలా యూనిట్లలో పెద్ద విషయం కాదు గానీ, కొన్నిచోట్ల ఇచ్చిందే వాడాలి అంటారు. మీ స్క్వాడ్ లీడర్‌ని అడగకుండా ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు. ముఖ్యంగా సింగిల్ పాయింట్ తగిలించాలంటే కొన్ని రైఫిల్స్‌లో రిసీవర్ వెనక ఉండే ప్లేట్ విప్పి వేరేది పెట్టాలి. అది పట్టీ మార్చడం కాదు, ఆయుధాన్ని మార్చడం. అనుమతి లేకుండా సైనికుడు ఆ పని చేయకూడదు, యూట్యూబ్ చూసి అసలే చేయకూడదు. రైఫిల్‌ని ఆర్మ్స్ రూమ్‌లో అప్పగించేటప్పుడు సొంత స్లింగ్ సంగతి ఏంటో కూడా ముందే కనుక్కోవాలి. పేరు రాసి పెట్టుకోకపోతే అది ఇంకొకరి రైఫిల్ మీద తేలుతుంది, హాస్టల్లో చెప్పుల్లాగా.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన భాగం. స్లింగ్ అనేది రైఫిల్‌ని మీ నుంచి విడిపోనివ్వకూడదు. కానీ అవసరమైతే వెంటనే విడిపోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం.

మొదటిదానికి ఉదాహరణ ఉత్తర ఐర్లాండ్. అక్కడ వీధుల్లో గస్తీ తిరిగిన బ్రిటిష్ సైనికుల పాత ఫొటోలు చూడండి, ఎస్ఎల్ఆర్ రైఫిల్ పట్టీని మణికట్టుకి చుట్టుకుని ఉంటారు. జనం మధ్యలో ఎవరైనా లాక్కుంటే పోకుండా. మన దగ్గర కశ్మీర్‌లో డ్యూటీ చేసేవాళ్ళు రైఫిల్‌ని గొలుసుతో నడుము బెల్టుకి కట్టుకున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. అక్కడ ఆయుధాలు లాక్కుపోయే ఘటనలు జరిగాయి కాబట్టి. రైఫిల్ పోతే ఒక వస్తువు పోయినట్టు కాదు, అది రేపు మీ తోటివాళ్ళ వైపే తిరుగుతుంది.

రెండోదానికి ఉదాహరణ బోల్తా పడ్డ బండి. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో హమ్వీలు తిరగబడి సైనికులు లోపల ఇరుక్కుపోవడం ఎంత పెద్ద సమస్య అయిందంటే, బయటపడటం నేర్పడానికే బండిని తలకిందులుగా తిప్పే సిమ్యులేటర్లు చేశారు. తలకిందులుగా, చీకట్లో, సీట్ బెల్ట్, హెడ్‌సెట్ వైరు, దాంతోపాటు మెడ చుట్టూ రైఫిల్ పట్టీ. కాలవలో పడితే కూడా అంతే, నీళ్ళలో నాలుగు కిలోలు లోపలికే లాగుతాయి. అప్పుడు ఒంటిచేత్తో, చూడకుండా, రెండు సెకన్లలో పట్టీ ఊడాలి.

మరి ఏది ముఖ్యం? నా లెక్క ఇది. జనం మధ్య నిలబడే గార్డు డ్యూటీ అయితే పట్టు ముఖ్యం. బండి, నీళ్ళు, హెలికాప్టర్ ఉన్న డ్యూటీ అయితే విడుదల ముఖ్యం. తమ్ముడు ఇన్‌ఫాంట్రీ కాబట్టి రెండోది ఎక్కువ తగులుతుంది. క్విక్ రిలీజ్ బకిల్ ఉన్నది తీసుకోవాలి, కానీ ఆ బకిల్ ఛాతీ పౌచ్‌ల మధ్య పొరపాటున నొక్కుకుపోయే చోట ఉండకూడదు. వేసుకుని, కళ్ళు మూసుకుని, ముందు కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో తీసి చూడాలి. ఒక చేత్తో రాకపోతే ఆ స్లింగ్ పనికిరాదు, ఎంత ఖరీదైనా సరే, ఎందుకంటే దెబ్బ తగిలేది ఏ చేతికో మనకి తెలియదు.

ఇక చిన్న చిన్న సంగతులు. తగిలించే క్లిప్‌లలో నొక్కితే ఊడే క్యూడీ స్వివెల్ వస్తుంది. ఒక మీట నొక్కితే లోపలి చిన్న గోళీలు లోనికి పోయి విడిపోతుంది. చప్పుడు తక్కువ, బాగుంటుంది, కానీ ఇసుక, దుమ్ము పడితే సగమే దిగి దిగినట్టు కనపడుతుంది. తగిలించాక గట్టిగా లాగి చూడటం అలవాటు చేసుకోవాలి. ఆ సాకెట్ చుట్టూ తిరిగిపోయే రకమైతే పట్టీ మెలికపడుతుంది, కొద్దిగా తిరిగి ఆగేది మేలు. రెండో రకం లోహపు కొక్కెం. గట్టిది, కానీ చప్పుడు చేస్తుంది, దానికి టేప్ చుట్టాలి.

పట్టీ బట్ట గురించి ఒక ఇంట్రెస్టింగ్ పాయింట్. నైట్ విజన్ కళ్ళజోడు మామూలు వెలుతురుతో పాటు, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా చూస్తుంది. బజార్లో దొరికే మామూలు నల్ల పట్టీ మన కంటికి నల్లగానే ఉంటుంది, నైట్ విజన్లో మాత్రం తెల్లగా మెరిసిపోయే అవకాశం ఉంది. మిలిటరీ పట్టీలకి అలా మెరవకుండా వేరే రంగు వేస్తారు. అదే నలుపు, ధర మాత్రం నాలుగింతలు ఎందుకు అని కామెంట్లలో అడిగేవాళ్ళకి ఇది ఒక కారణం. ఇంకోటి వేడి. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. వరసగా కాల్చిన తర్వాత సైలెన్సర్ వేడి దాన్ని దాటిపోతుంది. పట్టీ దాని మీద ఆనితే అతుక్కుని, తెగి, రైఫిల్ కింద పడుతుంది.

ఇదెందుకు చెప్తున్నానంటే అమెరికన్ ఆర్మీ ఎం4 స్థానంలో సిగ్ సావర్ వాళ్ళ కొత్త 6.8 ఎంఎం రైఫిల్‌ని 2022లో ఎంపిక చేసింది, ఇప్పుడు దాని పేరు ఎం7. 2024లో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కి ముందుగా అందాయి. అది సైలెన్సర్ లేకుండానే 3.8 కిలోలు, సైలెన్సర్‌తో సుమారు నాలుగున్నర, సైట్, మ్యాగజైన్ అదనం. అంటే తమ్ముడి చేతికి ఈ రైఫిల్ వస్తే ఎం4 కంటే కిలో పైనే ఎక్కువ మోయాలి, ముందు వైపు వేడి కూడా. అప్పుడు భుజం దగ్గర ప్యాడ్ ఉన్న స్లింగ్ గురించి ఆలోచించవచ్చు. మామూలుగా నేను ప్యాడ్ వద్దంటాను, ఎందుకంటే ప్లేట్ క్యారియర్ పట్టీ, బ్యాక్‌ప్యాక్ పట్టీ, పైన ఈ లావు ప్యాడ్, మూడూ ఒకదాని మీద ఒకటి చేరి బకిల్ దొరకదు. మెషిన్ గన్నర్ సంగతి వేరు, ఎం249 ఖాళీగానే ఏడున్నర కిలోలు దాటుతుంది, అతనికి వెడల్పు ప్యాడ్ తప్పనిసరి.

ఆన్‌లైన్లో పారాకార్డ్ తాడుతో అల్లిన స్లింగ్స్ కనపడతాయి, అత్యవసరంలో విప్పి తాడులా వాడుకోవచ్చు అని అమ్ముతారు. దయచేసి వద్దు. సాగుతుంది, గుండ్రంగా చుట్టుకుని భుజంలోకి దిగుతుంది, విప్పాక రైఫిల్‌ని దేనికి తగిలిస్తారు? అలాగే ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకులకి చేసిన చవక నకళ్ళు. ప్లాస్టిక్ బకిల్ బొమ్మ బరువుకి చేసింది, అసలు రైఫిల్‌తో ట్రక్కులోంచి దూకితే విరుగుతుంది.

కొన్నాక సరిచేసుకోవడం అసలు పని. టీషర్ట్ మీద వేసుకుని కొలత పెట్టొద్దు. హెల్మెట్, ప్లేట్ క్యారియర్, నిండా మ్యాగజైన్లు, చలికోటు ఉంటే అది కూడా వేసుకుని పెట్టాలి. ముందు రైఫిల్ ఖాళీ అని చూసుకోవాలి, తోటివాడితో కూడా చూపించుకోవాలి. బిగించి, చేతులు వదిలి యాభై మీటర్లు పరిగెత్తాలి. మోకాలి మీద కూర్చోవాలి, పడుకోవాలి, లేవాలి. గోడ ఎక్కాలి. వదులు చేసి భుజానికి ఆనించాలి, తర్వాత ఎడమ భుజానికి మార్చాలి, మెడకి బిగుసుకుంటే కాస్త పొడుగు పెంచాలి. చీకట్లో, గ్లౌజులతో ఇదంతా మళ్ళీ. మిగిలిన తోక చివరని టేప్‌తోనో రబ్బరు బ్యాండుతోనో కట్టేయాలి, లేకపోతే బండి తలుపులో పడుతుంది. మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం టెస్ట్ చేయకుండా శుక్రవారం సాయంత్రం కోడ్ రిలీజ్ చేస్తే వీకెండ్ పోతుంది. ఇక్కడ పోయేది వీకెండ్ కాదు.

మెడిక్ అయితే ఇంకో పరీక్ష. మనిషిని ఈడ్చాలి, అతని పక్కన మోకరిల్లి రెండు చేతులతో పని చేయాలి. స్లింగ్ బాగా బిగించి రైఫిల్‌ని పక్కకి, వీపు వైపుకి తోసేసినా జారి ముందుకి రాకూడదు.

ఇప్పుడు మన దగ్గర అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతారు, అన్నా మాకేంటి అని. శ్రీకాకుళం, విజయనగరం నుంచి చూసేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు, మిలిటరీ మాధవరం నుంచి కూడా ఒకరు కామెంట్ పెట్టారు. మీకు రైఫిల్‌తో పాటు స్లింగ్ కూడా ఇస్తారు, అదే వాడాలి. ఇన్సాస్ కావచ్చు, సిగ్ 716 కావచ్చు, అమేఠీ జిల్లా కోర్వాలో తయారవుతున్న ఏకే 203 కావచ్చు, ట్రైనింగ్ సెంటర్‌కి సొంత స్లింగ్ కొనుక్కుని వెళ్ళే ఆలోచన పెట్టుకోకండి. ఎన్‌సీసీలో డ్రిల్ చేసినవాళ్ళకి తెలుసు, అక్కడ పట్టీని రైఫిల్‌కి అంటుకునేలా బిగించి ఉంచుతారు. అది కవాతు కోసం. రేపు గస్తీకి అదే పొడుగు పనికిరాదు, మీ ఉస్తాద్ ఎంత పెట్టమంటే అంత పెట్టండి.

మా బాబాయ్ ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. ఈ ఎపిసోడ్ కోసం ఫోన్ చేసి ఇచ్చిన స్లింగ్‌తోనే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగాను. ఆయన చెప్పినవి మూడే. డ్యూటీ ఎక్కేముందు పట్టీ మొత్తం వేళ్ళ మధ్య లాగి మెలిక ఉందేమో చూడు, మెలిక ఉన్నచోటే మూడో గంటకి భుజం కోసుకుపోతుంది. కుట్లు, రింగు దగ్గర పోగులు లేచాయేమో చూడు, లేస్తే ఆ రోజే మార్పించు, రేపు అనకు. తడిస్తే నీడలో ఆరబెట్టు, ఆరాక కొలత మళ్ళీ చూసుకో, తడిసిన పట్టీ అదే పొడుగు ఉండదు. అంతా చెప్పి, "ఇంతకీ నువ్వు పైపు తగిలించుకుని మెట్లెక్కుతున్నావట, మీ అమ్మ చెప్పింది, ఉద్యోగం ఎందుకు మానేశావురా" అన్నారు. దానికి ఇంకో ఎపిసోడ్ పడుతుంది.

టెక్సస్ తమ్ముడూ, మీ యూనిట్‌లో ఏ స్లింగ్‌కి ఒప్పుకున్నారో కామెంట్‌లో పెట్టు, ఫొటో మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో బూట్ల గురించి, మిలిటరీ బూటు కొత్తలో కాలు ఎందుకు కొరుకుతుంది అనేది చూద్దాం. ఉంటాను.